‘వేడిని వెంటాడు క్షిపణి’: ఒక పేరుపై విమర్శ

హిందూపురమునకు, పెనుకొండకు సమీపమున, బెంగుళూరు–హైదరాబాదు రహదారి ప్రక్కన, గోరంట్ల మండలములో పాలసముద్రమను గ్రామము కలదు. అచట భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థకు రక్షణ వ్యవస్థల నిర్మాణమునకై తొమ్మిదివందల ఎకరములకు పైగా భూమి కేటాయింపబడినది. వేరుసెనగ, ధర్మవరపు పట్టుచీరలు, పెనుకొండ కార్ల కర్మాగారము మొదలగు వాటి వార్తలతోబాటు క్షిపణుల వార్తలును ఈ ప్రాంతపు విద్యార్థులకు ఇప్పుడు ఇంటిమాటలే. ఆ వార్తలలో పిల్లల నోట త్వరగా నిలుచు పేరు ఒకటున్నది: “వేడిని వెంటాడే క్షిపణి”. లారీపైనో, పట్టాల చక్రముల బండిపైనో అమర్చి, తక్కువ ఎత్తున వచ్చు విమానమును, హెలికాప్టరును కొట్టుటకు వాడు చిన్న క్షిపణికి ఈ పేరు పెట్టినారు. వినుటకు బాగున్నది. విన్నంతనే అర్థమైనట్లును తోచును. చిక్కంతయు ఆ తోచుటలోనే ఉన్నది.

ఈ పేరు విన్న తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు ఇట్లు అడుగవచ్చును: “మే నెల మధ్యాహ్నము పెనుకొండ కొండమీది బండ కాలు మోపనీయదు. అంత పెద్ద కొండ అంతటి వేడితో ఉండగా, క్షిపణి దానిని వదలి చిన్న విమానము వెంట ఏల పోవును?” దీనికి “అది యంత్రము, దానికి తెలియును” అని సమాధానము చెప్పినచో భౌతికశాస్త్ర పాఠము అంతటితో ముగిసినట్లే. పిల్లవాని తర్కములో దోషము లేదు. కొండ నుండి వెలువడు మొత్తము శక్తిని లెక్కించినచో అది విమానముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. దోషము పేరులో ఉన్నది. ఆ పేరులోని రెండు ముఖ్యమైన మాటలు, ‘వేడి’ అనునదియు, ‘వెంటాడు’ అనునదియు, రెండును పరీక్షకు నిలువవు.

మొదట వేడి సంగతి. ఐదు కిలోమీటర్ల దూరమున ఎగురుచున్న విమానపు ఇంజను వేడి గాలిగుండా వచ్చి క్షిపణి ముక్కునకు తగులదు. వచ్చునది కాంతి, కంటికి కనబడని పరారుణ కాంతి. 1800లో విలియం హెర్షెల్ పట్టకముతో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎరుపు రంగునకు ఆవల, ఏ రంగును లేనిచోట ఉష్ణమాపకము నుంచి, అచట పాదరసము మరింత పైకెక్కుట కనుగొన్నాడు. నాటినుండి దీనిని ‘ఉష్ణకిరణములు’ అను అలవాటు ఏర్పడినది. ఆ అలవాటే ఈ గందరగోళమునకు మూలము. టీవీ రిమోటు ముందు భాగమునుండి వెలువడునదియు పరారుణ కాంతియే. చాల సెల్‌ఫోను కెమేరాలలో అది తెల్లని చుక్కగా కనబడును. కాని రిమోటు చేతికి చల్లగానే ఉండును.

ఏ పాఠశాలలోనైనను చేయదగిన ప్రయోగమొకటి ఇచట చెప్పవచ్చును. బాగుగా కాగిన ఇస్త్రీ పెట్టెను నిలువుగా నిలిపి, దాని అడుగురేకునకు ఎదురుగా జానెడు దూరమున అరచేయి ఉంచవలెను. సెగ తెలియును. ఇప్పుడు నడుమ ఒక గాజుపలక అడ్డము పెట్టినచో సెగ ఇంచుమించుగా ఆగిపోవును. కాని పెట్టె మాత్రము గాజుగుండా చక్కగా కనబడుచునే ఉండును. గాజు తీసి, పెట్టెకు తగులకుండ జాగ్రత్తపడుచు, పలుచని నల్లని పాలిథిన్ కాగితమును సాగదీసి పట్టినచో, పెట్టె కంటికి కనబడదు, కాని సెగ చాలవరకు మరల తగులును. ఒక కాంతికి పారదర్శకమైనది మరియొక కాంతికి గోడ అని పిల్లలకు దీనితో తెలియును. క్షిపణి ముక్కుననున్న గుండ్రని కిటికీని మామూలు గాజుతో చేయక మెగ్నీషియం ఫ్లోరైడు, నీలమణి స్ఫటికము వంటి పదార్థములతో చేయుటకు కారణమును ఇదియే.

ఇక కొండ ప్రశ్న. ప్రతి వస్తువును తన ఉష్ణోగ్రతను బట్టి కాంతిని వెలువరించును. ఏ తరంగదైర్ఘ్యము వద్ద అది అత్యధికమగునో వీన్ నియమము చెప్పును: 2898ని పరమ ఉష్ణోగ్రతచే భాగించినచో మైక్రానులలో సమాధానము వచ్చును. 50 డిగ్రీల సెంటిగ్రేడుకు కాగిన బండ అనగా 323 కెల్విన్; దాని శిఖరము 9 మైక్రానుల వద్ద. 37 డిగ్రీల మనిషి దేహమునకు 9.3 మైక్రానులు. అనగా కాలు మోపనీయని బండకును, దానిపై అడుగులు వేయు మనిషికిని పెద్ద తేడా లేదు. 500 డిగ్రీలకు కాగిన ఇంజను లోహము 773 కెల్విన్. దాని శిఖరము 3.75 మైక్రానులకు జరుగును. తొలితరపు క్షిపణులలో వాడిన లెడ్ సల్ఫైడు కన్ను సుమారు 2 నుండి 3 మైక్రానుల వరకే చూచును. 2.5 మైక్రానుల వద్ద లెక్కించినచో, ఒక చదరపు సెంటీమీటరు ఇంజను లోహము అంతే విస్తీర్ణముగల బండకంటె సుమారు 30,000 రెట్లు ప్రకాశవంతము. ఆ కంటికి బండ సొంత వెలుగు చీకటితో సమానము.

ఐనను కొండ పెద్దది. పైగా ఎండ దానిపైబడి తిరిగివచ్చును. ఆ ఎండలో 2.5 మైక్రానుల కాంతియు కలదు. కనుక కంటి ఎంపిక ఒక్కటియే చాలదు. పాత క్షిపణులలో దీనికి చేసిన ఉపాయము ముచ్చటైనది. కంటి ముందు నల్లని, పారదర్శకమైన పట్టీలు మార్చి మార్చి గీసిన చిన్న బిళ్ళ వేగముగా తిరుగుచుండును. దూరమున చుక్కవలెనున్న ఇంజను ఒకసారి పట్టీ వెనుకను దాగి, మరియొకసారి బయటపడి మినుకు మినుకుమనును. కొండ, మేఘము వంటి విశాలమైన వెలుగు ఒకేసారి అనేక పట్టీలపై పరచుకొనుటచే మినుకుమనదు; ఒకే తీరున ఉండును. విద్యుత్ మండలము మినుకును గ్రహించి నిలుకడ వెలుగును విడిచిపెట్టును. కాబట్టి విద్యార్థికి ఇయ్యవలసిన సమాధానమిది: క్షిపణి వేడిని వెదకుట లేదు, ఒక రంగులో మెరయు చిన్న చుక్కను వెదకుచున్నది. సూర్యుడును మెరయు చుక్కవంటివాడే. తొలితరపు క్షిపణులు సూర్యుని వైపునకు, ఎండలో మెరయు మేఘపు అంచువైపునకు మరలిపోయెడివి. పేరు సరియైనదే ఐనచో అది వాటి తప్పు కాదు. సూర్యునికంటె వేడియైనది మరేమున్నది?

తరువాతి తరములో ఇండియం యాంటిమొనైడు కన్ను వచ్చినది. ఇది 3 నుండి 5 మైక్రానుల వరకు చూచును. ఇంజను నుండి వెలువడు పొగలోని కార్బన్ డయాక్సైడు 4.3 మైక్రానుల సమీపమున ప్రకాశించును గనుక విమానము వెనుకభాగము కనబడకున్నను, ఎదురుగా వచ్చుచున్నను దీనికి గోచరించును. కాని ఈ కంటిని మైనస్ 196 డిగ్రీల వరకు చల్లబరచవలెను. అధిక పీడనమున నింపిన నత్రజనినో ఆర్గాన్‌నో సన్నని రంధ్రముగుండా వ్యాకోచింపజేసి ఆ చల్లదనమును క్షణములలో తెప్పింతురు. ధర్మవరమున మగ్గములాడుచున్న గదిలో గుసగుస వినబడదు, మగ్గములను ఆపవలెను. కన్ను తానే వెచ్చగా ఉన్నచో దాని సొంత సందడిలో విమానపు గుసగుస మునిగిపోవును. ‘వేడిని వెంటాడు’ యంత్రమునకు గడ్డకట్టు చలి అవసరమను సంగతి ఏ వార్తలోను అరుదుగానైనను కనబడదు. పిల్లలకు అన్నిటికంటె ఆసక్తి కలిగించునది అదియే.

‘వేడి’ అను మాట ఎంత పెడదారి పట్టించునో తెలుపుటకు స్ట్రెలా–1 ఒక్కటి చాలును. సోవియట్ దేశమున 1968లో సైన్యములో చేరిన ఈ వ్యవస్థ నాలుగు చక్రముల కవచపు బండిపై నాలుగు క్షిపణులను మోయును. ప్రపంచమంతటి పట్టికలలో దీనిని వేడి క్షిపణులలోనే చేర్చుచుందురు. కాని దీని కన్ను ఇంజను వేడిని చూడదు. వెలుగుతో నిండిన ఆకాశమున విమానము నల్లని మచ్చగా కనబడును గదా, ఆ మచ్చనే చూచును! అనగా ప్రకాశమును గాక ప్రకాశపు లోటును పట్టుకొనును. అందుచేత రాత్రి పనిచేయదు. మబ్బులు చెదరుమదురుగా ఉన్ననాడు తడబడును. దాని తరువాత 1976లో వచ్చిన స్ట్రెలా–10 పట్టాల చక్రములబండిపై నుండును. దానికి ఈ మచ్చను చూచు కన్ను, పరారుణమును చూచు కన్ను, రెండును కలవు. భారత సైన్యములో ఈ స్ట్రెలా–10 జాతియు చేరినది. ఇట్టివాటినన్నిటిని ఒకే పేరుతో పిలుచుట గుడ్లగూబను కోడిపుంజును ఒకే పంజరములో పెట్టుట వంటిది.

రెండవ మాట ‘వెంటాడు’. కుక్క కుందేలు వెంట పడినట్లు క్షిపణి విమానము తోక పట్టుకొని పరుగెత్తునని ఈ మాట చెప్పును. అట్లు పరుగెత్తినచో చిన్న క్షిపణి ఇంధనము మధ్యలోనే అయిపోవును. అది చేయుపని వేరు. ధర్మవరము జంక్షనువైపు వచ్చు రైలును, దానికి అడ్డముగా గేటువైపు సాగు లారీని ఊహింపుడు. లారీ అద్దములో రైలింజను ఒక మూలనుండి మరియొక మూలకు జరుగుచున్నచో భయము లేదు. ఒకటి ముందు, ఒకటి వెనుక దాటిపోవును. ఇంజను అద్దములో ఒకేచోట కదలక నిలిచి పెద్దదగుచున్నచో రెండును గేటువద్ద కలిసికొనుట తప్పదు. లారీ డ్రైవరు తప్పించుకొనజూచు స్థితిని క్షిపణి కోరి తెచ్చుకొనును. లక్ష్యము కనబడు దిక్కు ఏమాత్రము జరిగినను రెక్కలు త్రిప్పి ఆ జరుగుటను సున్న చేయును. విమానము ఉన్నచోటికి గాక, రాబోవు చోటికి పోవును. సదృశ త్రిభుజముల పాఠము చెప్పు లెక్కల ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. ‘వెంటాడు’ అను ఒక్క మాట ఆ పాఠమునంతను మ్రింగివేసినది.

ఈ రెండిటికి తోడు వార్తలలో మూడవ మాట ఒకటి వచ్చుచుండును: “ప్రయోగించి మరచిపోవచ్చు”. ప్రయోగించిన తరువాత మార్గము చూపనక్కరలేదు అనునంతవరకు ఇది నిజము. బండికి ఇది మేలు కూడ. రాడారు తరంగములు పంపనక్కర లేదు గనుక పైన పోవు విమానమునకు ముందుగా హెచ్చరిక అందదు. క్షిపణిని విడిచినంతనే బండి మరియొక చోటికి కదలిపోవచ్చును. అమెరికా సైన్యము 1969లో ప్రవేశపెట్టిన చాపరల్ బండిపై నాలుగు సైడ్‌విండర్ క్షిపణులు, తరువాతి అవెంజర్ బండిపై ఎనిమిది స్టింగర్ క్షిపణులు ఉంచుట ఈ సౌలభ్యము కొరకే. కాని మరచిపోవుటకు ముందు జరుగవలసినది ఏమో ఎవ్వరును చెప్పరు.

దానిని చిన్న లెక్కతో చూడవచ్చును. క్షణమునకు 250 మీటర్ల వేగముతో బండివైపు వచ్చుచున్న విమానము 8 కిలోమీటర్ల వద్ద కంటబడినదనుకొందము. దానిని 4 కిలోమీటర్ల వద్ద కొట్టవలెను. క్షిపణి సగటు వేగము క్షణమునకు 500 మీటర్లు అనుకొన్నచో అది 4 కిలోమీటర్లు పోవుటకు 8 క్షణములు పట్టును. ఆ 8 క్షణములలో విమానము 2 కిలోమీటర్లు వచ్చును. అనగా అది 6 కిలోమీటర్ల వద్ద నుండగానే మీట నొక్కవలెను. 8 నుండి 6 కిలోమీటర్లకు వచ్చుటకు విమానమునకు పట్టునది మరియొక 8 క్షణములు. చూచుట, గురిపెట్టుట, కంటిని చల్లబరచుట, అది మనదో పరులదో తేల్చుకొనుట, అన్నియు ఆ 8 క్షణములలోనే కావలెను. వీటిలో చివరిదానిని క్షిపణి కన్ను చేయజాలదు. శత్రువు ఇంజను 3.75 మైక్రానుల వద్దను, మిత్రుని ఇంజను మరియొక చోటను మెరయుట లేదు. వీన్ నియమమునకు స్వపరభేదము లేదు.

ఇది పుస్తకములలోని శంక కాదు. 2019 ఫిబ్రవరి 27న కాశ్మీరములోని బడ్గాము వద్ద భారత వాయుసేన ఎం.ఐ–17 హెలికాప్టరు కూలిపోయినది. అందులోని ఆరుగురు వాయుసైనికులును, నేలపైనున్న పౌరుడొకడును మరణించిరి. దానిని కూల్చినది వాయుసేన సొంత క్షిపణియేనని, అది పెద్ద తప్పిదమని ఆనాటి వాయుసేనాధిపతి భదౌరియా 2019 అక్టోబరులో బహిరంగముగా ఒప్పుకొనెను. వార్తలలో పేర్కొనబడిన స్పైడర్ వ్యవస్థ లారీలపైనుండునదే. పరారుణ చిత్రమును చూచు పైథాన్–5, రాడారుతో చూచు డెర్బీ అను రెండు జాతుల క్షిపణులను అది ప్రయోగింపగలదు. కన్ను ఏ జాతిదైనను దానికి చుక్కయే తెలియును, చుక్క ఎవరిదో తెలియదు. అది తెలుపుటకు విమానమునుండి సంకేతము నడిగి సమాధానము పొందు వేరొక పరికరము, దానిని మించి క్రమశిక్షణతో నడచు మనుష్యుల వరుస ఉండవలెను. క్షిపణిని గూర్చి వ్రాయువారు దాని దూరమును, వేగమును వ్రాసి ఈ సంగతిని విడిచిపెట్టుట విజ్ఞానమునకు లోపమే గాక, ఆ ఏడుగురి పట్ల ఉపేక్షయు అగును.

పేర్ల గందరగోళము మరియొక విధముగను పిల్లలను చుట్టుకొనుచున్నది. 2025 ఆగస్టు 23న ఒడిశా తీరమున రక్షణ పరిశోధన సంస్థవారు సమగ్ర వాయురక్షణ వ్యవస్థను మొదటిసారి పరీక్షించిరి. ఒకేసారి మూడు లక్ష్యములను మూడు ఆయుధములతో కూల్చిరి. అందులో క్యూ.ఆర్.శామ్ అను క్షిపణి, వీ.షోరాడ్స్ అను క్షిపణి, ఒక లేసరు ఆయుధము కలవు. మూడును ఒకే వార్తలో వచ్చుటచే మూడును ఒక తీరువే అనుకొనుట సహజము. కాని మొదటిది లారీలపై సాగుచు 30 కిలోమీటర్ల దూరమువరకు కొట్టునది, దాని కన్ను రాడారు. దీనిని సైన్యమునకు కూర్చు బాధ్యత పాలసముద్రమున భూమి పొందిన భారత్ ఎలక్ట్రానిక్స్‌దే. రెండవది హైదరాబాదులోని రిసెర్చ్ సెంటర్ ఇమారత్‌లో రూపొందినది, మనుష్యులు మోసికొనిపోగలది, సుమారు 6 కిలోమీటర్ల దూరముది, పరారుణ చిత్రమును చూచునది. లారీపై నున్నదెల్ల వేడిని చూచునది కాదు. వేడిని చూచునదెల్ల లారీపై ఉండదు. 1983లో ప్రారంభమైన క్షిపణి కార్యక్రమములోని త్రిశూల్ కూడ తక్కువ దూరపు బండి క్షిపణియే, కాని అది రాడారు ఆజ్ఞలతో నడచెడిది. హిందూపురపు విద్యార్థి తన ఊరి ప్రక్క కర్మాగారమునకు, తన పాఠములోని వీన్ నియమమునకు ముడివేయబోవుచు ఇచటనే తప్పటడుగు వేయును.

“ఐనచో ఏమని పిలువవలెను?” అని పత్రికలవారు అడుగవచ్చును. ‘పరారుణ శోధక క్షిపణి’ అనుట శాస్త్రమునకు సరిపోవును. అది నోటికి బరువనుట నిజమే. తొలుత ‘దూరదర్శిని’యు బరువుగానే ఉండెను. శీర్షికలో ‘వేడి’ అను మాట లేనిదే గడవదన్నచో దానిని ఉండనీయవచ్చును, సుమారుగనైనను అది ఇంజను వైపు వ్రేలు చూపును. ‘వెంటాడు’ అనుదానికి ఆ పాటి సమర్థనయు లేదు.

పెనుకొండ బండను గూర్చిన ప్రశ్న మాత్రము ఇంతటితో తీరలేదు. ఇంజనును వదలి చిన్న డ్రోను వద్దకు వచ్చినచో లెక్క తారుమారగును. దాని విద్యుత్ మోటారు 60, 70 డిగ్రీలకంటె అంతగా కాగదు. 70 డిగ్రీలనగా 343 కెల్విన్. దాని శిఖరము 8.4 మైక్రానులు. 50 డిగ్రీల బండ శిఖరము 9 మైక్రానులు. లెడ్ సల్ఫైడు కంటికి రెండును చీకటియే. ఇండియం యాంటిమొనైడు కంటికి 4 మైక్రానుల వద్ద డ్రోను మోటారు బండకంటె రమారమి రెండు రెట్లు మాత్రమే ప్రకాశించును. అట్టి డ్రోను ఆకాశమున గాక, కొండను ఆనుకొని తక్కువ ఎత్తున వచ్చినచో దానికి వెనుక ఉన్నది చల్లని ఆకాశము కాదు, ఆ బండయే. విద్యార్థి అడిగిన చిన్న ప్రశ్న ఇచట ఇంజనీర్ల పెద్ద ప్రశ్న అగుచున్నది. అందుకే నేటి క్షిపణులు మినుకుమను చుక్కను నమ్ముట మాని, లక్ష్యపు బొమ్మనే పట్టుకొని ఆకారమును పోల్చుచున్నవి. 2025 ఫిబ్రవరి 1న చాందీపూరు వద్ద వీ.షోరాడ్స్‌ను మూడుసార్లు పరీక్షించినప్పుడు, తక్కువ ఎత్తున ఎగురు డ్రోనులను పోలునట్లు వేడి జాడ తగ్గించిన లక్ష్యములనే దాని ముందుంచిరి. మూడింటిని అది కొట్టినది. ఆ పరీక్షలు సముద్రతీరమున జరిగినవి. మే నెల మధ్యాహ్నమున కాగిన రాతికొండ ముందర అదే లక్ష్యపు శిఖరము బండ శిఖరమునకు ఎంత సమీపమున ఉండునో తరగతిలో లెక్కించి చూచుటకు వీన్ నియమము, ఒక ఉష్ణమాపకము, ఒక బండ చాలును.